చేపపిండి, చేపనూనె: రొయ్యల రైతు తెలిసికొనదగిన సంగతులు

రొయ్యల సాగు ఖర్చులో సగము, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, మేతకే పోవుచున్నది. మేత బస్తా ధర పెరిగినప్పుడల్లా కారణమేమని రైతులు అడుగుదురు. డీలరు కంపెనీని చూపును; కంపెనీ ముడిసరుకు ధరను చూపును. ఆ ముడిసరుకులలో మిక్కిలి ఖరీదైనవి, మిక్కిలి నిలకడలేనివి రెండు కలవు. అవి చేపపిండి, చేపనూనె. ఇవి ఎక్కడ పుట్టుచున్నవి, వీని ధరలకు ఇన్ని ఒడుదుడుకులు ఏల వచ్చుచున్నవి, వీనితో వ్యాపారము చేయు పెద్ద కంపెనీలు నష్టమును ఎట్లు కాచుకొనుచున్నవి, మన చెరువు గట్టున మనము చేయదగినదేమి అను విషయములు ఇందు వివరింపబడినవి.

చేపపిండి అనగానేమి?

చేపపిండి అనగా ఎండుచేపను దంచిన పొడి మాత్రమే కాదు. ఫ్యాక్టరీలో పచ్చిచేపను ముందుగా సుమారు 90 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో ఉడికింతురు. అప్పుడు మాంసకృత్తులు గడ్డకట్టి నీరు, నూనె విడివడును. తరువాత గానుగ వంటి మరలో పిండగా గట్టి భాగము ఒకవైపు, ద్రవము మరొకవైపు వచ్చును. పాలనుండి మీగడ తీయు యంత్రము వంటి దానిలో ఈ ద్రవమును వడిగా త్రిప్పి నూనెను వేరుచేయుదురు. మిగిలిన నీటిలో కూడ మాంసకృత్తులు కరిగియుండును గనుక దానిని పారబోయక, చిక్కగా కాచి మరల గట్టి భాగములో కలుపుదురు. తేమ నూటికి 10 పాళ్ళకు దిగువరకు ఆరబెట్టి మరపట్టినచో చేపపిండి సిద్ధమగును.

నూరు కిలోల పచ్చిచేప నుండి 22 లేక 23 కిలోల పిండి వచ్చును. నూనె చేప జాతినిబట్టి, కాలమునుబట్టి సుమారు 3 నుండి 5 కిలోల వరకు వచ్చును. అనగా కిలో పిండికి సుమారు నాలుగున్నర కిలోల చేప కావలెను. మంచి పిండిలో నూటికి 65 పాళ్ళ వరకు మాంసకృత్తులుండును. అవి రొయ్యకు సులభముగా జీర్ణమగును. ఆ వాసనకు రొయ్య మేతను ఇష్టముగా తినును. ఇక చేపనూనెలో ఒమేగా-3 జాతి కొవ్వు ఆమ్లములు కలవు. రొయ్య వీనిని తన శరీరములో కావలసినంత తయారుచేసికొనలేదు. సోయా చెక్కలో మాంసకృత్తులు దండిగా నున్నను, సముద్రపు కొవ్వు ఆమ్లములు ఉండవు. కావుననే మేత తయారీదారులు ఖరీదెక్కువైనను ఈ రెంటిని పూర్తిగా మానలేకున్నారు.

ప్రపంచమంతటను ఏటా సుమారు 50 లక్షల టన్నుల చేపపిండి, 10 లక్షల టన్నులకు పైబడి చేపనూనె తయారగుచున్నవి. చేపల, రొయ్యల పెంపకము ఎన్నో రెట్లు పెరిగినను, దశాబ్దములుగా ఈ పిండి పెరుగలేదు. ధర బాగున్నదని మరుసటి ఏడు మరి నాలుగెకరములు విత్తుటకు సముద్రము మన చేను కాదు గదా!

పెరూ తీరపు చిన్న చేప

ప్రపంచపు చేపపిండిలో సుమారు ఐదవ వంతు దక్షిణ అమెరికాలోని పెరూ దేశమునుండి వచ్చుచున్నది. అక్కడి ముడిసరుకు అంచోవెటా అను చిన్న చేప. అది మన నెత్తళ్ళ బంధువు.

ఆ తీరము వెంట హంబోల్టు ప్రవాహమను చల్లని నీటి ప్రవాహము కలదు. గాలుల ప్రభావముచే అడుగునున్న చల్లని నీరు పైకి వచ్చుచుండును. లోతు దుక్కిలో అడుగు మట్టి పైకి వచ్చునట్లు, ఈ నీటితో నత్రజని, భాస్వరము మొదలగు పోషకములు పైకి వచ్చును. వానివలన సూక్ష్మమైన నాచు, దానిని తిను జీవులు, వానిని తిను అంచోవెటా అపారముగా వృద్ధియగును. ఈ చేపలను తిను సముద్రపక్షుల రెట్టయే గ్వానో అను ఎరువు. 19వ శతాబ్దములో ఐరోపా రైతులు ఓడలకొలది తెప్పించుకొన్న ఎరువు ఇదియే.

కొన్ని సంవత్సరములకొకమారు ఎల్ నినో ఏర్పడి, ఆ తీరమున వేడినీరు పైన పొరవలె కప్పును. అడుగు నీటి పోషకములు పైకి చేరవు. చేప లోతునకో, దక్షిణమునకో పోవును, బలియదు, సంతానము తగ్గును.

పెరూలో ఈ పరిశ్రమ 1950 దశకమునుండి చింబోటే మొదలగు రేవులలో అతివేగముగా పెరిగినది. 1970లో ఆ దేశము 120 లక్షల టన్నులకు పైగా అంచోవెటాను పట్టినది. పిమ్మట 1972-73లో ఎల్ నినో వచ్చినది. అప్పటికే వేట మితిమీరియుండెను. రెండును కూడుటచే 1973లో వేట 20 లక్షల టన్నులకు లోపే ఆగిపోయినది. ఆ ఏడే అచ్చటి ప్రభుత్వము పరిశ్రమను జాతీయము చేసినది.

దీని ఫలితము సముద్రపు ఒడ్డుననే ఆగలేదు. చేపపిండి కొరవడగా కోళ్ళ, పందుల మేతకు అందరును సోయా చెక్కపై పడినారు. ఇతర కారణములు కూడ తోడై సోయా ధర విపరీతముగా పెరిగినది. 1973 జూనులో అమెరికా ప్రభుత్వము సోయా ఎగుమతులను కొంతకాలము నిలిపివేసినది. అమెరికా సోయాపై ఆధారపడిన జపాను కలతచెంది, తరువాతి సంవత్సరములలో బ్రెజిల్ దేశమున సోయా సాగు విస్తరణకు సాయపడినది. కడలిలోని నెత్తళ్ళకు, ఆదిలాబాదు నల్లరేగడిలోని సోయా చేనుకు సంబంధమేమని తోచవచ్చును. రెండును మేతలోని మాంసకృత్తుల కొరకే కావున ఒకటి తగ్గినచో రెండవదానికి గిరాకి పెరుగును.

నేడు పెరూలో కట్టుదిట్టములు కలవు. 1964లో స్థాపింపబడిన సముద్ర పరిశోధన సంస్థ చేపల రాశిని లెక్కించును. దానినిబట్టి ప్రభుత్వము వేట పరిమితిని నిర్ణయించును. ముఖ్యమైన ఉత్తర, మధ్య తీరమున ఏడాదికి రెండు వేట కాలములు. 12 సెంటీమీటర్లకు లోపు పిల్లచేపలు ఎక్కువగా పడుచున్న ప్రాంతమున వేటను ఆపుదురు. 2009 నుండి ఒక్కొక్క నావకు ఇంతయని వాటా అమలులో నున్నది. అయినను 2014లో రెండవ వేట కాలమును, 2023లో మొదటి వేట కాలమును రద్దుచేయవలసి వచ్చినది. 2023లో చేపనూనె ధర మునుపెన్నడును లేనంతగా పెరిగినది. 2024లో సముద్రము చల్లబడి, మొదటి కాలమునకు 24.75 లక్షల టన్నుల వేటకు అనుమతి లభించినది. ఆ రద్దు లేకున్నచో పిల్లచేప మిగిలెడిది కాదు. నష్టమునకోర్చి ఒక పంట విడుచుట విత్తనము కాపాడుకొనుటయే యగును.

పలు కాళ్ళపై నిలిచిన కంపెనీ

వేట ఒక కాలమంతయు లేకున్నను నిలిచిన కంపెనీలు ఎట్లు నిలిచినవి? నార్వే దేశపు ఆస్టెవోల్ సీఫుడ్ కంపెనీని ఉదాహరణగా చూడుడు. 1981లో ఒక దీవిలోని జాలరి కుటుంబము దీనిని ప్రారంభించినది. 2006లో పెరూలోని ఆస్ట్రల్ అను కంపెనీని కొని అంచోవెటా వేట, చేపపిండి తయారీ చేపట్టినది. దీనికి చిలీలోను చేపల వేట, ప్యాకింగు కలదు. సాల్మన్ చేపలను పెంచు లెరాయ్ అను నార్వే కంపెనీలో సగమునకు మించిన వాటా ఉన్నది. పెలాజియా అను మరొక కంపెనీలో సగము వాటా కలదు. ఇది మనుష్యులు తిను హెర్రింగ్, మాకెరెల్ చేపలను సిద్ధపరచుటయే గాక చేపపిండి, నూనె కూడ తయారుచేయును.

ఇందు గమనింపదగిన సంగతులు మూడు. మొదటిది, ఒక తీరమున వేట ఆగినను మరొక తీరమున ఆదాయముండును. రెండవది, తినుటకు కోసిన చేపల తలలు, ముళ్ళు, ప్రేగులు పారవేయక పిండికి, నూనెకు వాడుదురు. ప్రపంచమున నేడు తయారగు చేపపిండిలో సుమారు మూడవ వంతు, చేపనూనెలో సుమారు సగము ఇట్టి వ్యర్థమునుండియే వచ్చుచున్నవి. సముద్రముపై భారము పెంచకుండ సరుకు పెంచుటకు ఇది మంచి మార్గము.

మూడవది, ఇట్టి ఏర్పాటు కూడ సంపూర్ణ రక్షణ కాదు. పెరూలో చేప పడనపుడు పిండి ధర పెరుగును. కాని అమ్ముటకు పిండి ఉండదు. అదే సమయమున సాల్మన్ మేత ఖర్చు పెరుగును. ఒకే కారణమునకు రెండు కాళ్ళును వణకును. పైగా 2023 నుండి నార్వే ప్రభుత్వము సాల్మన్ పెంపకముపై 25 శాతము అదనపు పన్ను విధించినది. కావున పలు వ్యాపారములుండుట ఎంత ముఖ్యమో, కొరవగా నున్న వస్తువును తక్కువగా వాడుట అంతకన్న ముఖ్యము. నార్వే సాల్మన్ రైతులు చేసినది ఇదియే. 1990లో వారి మేతలో చేపపిండి, నూనె కలిసి నూటికి 90 పాళ్ళకు చేరువగా ఉండెడివి. 2020 నాటికి అవి పావువంతునకు తగ్గినవి. ఆ మిగిలిన చోటును సోయా, గోధుమ, ఆవజాతి నూనె మొదలగునవి ఆక్రమించినవి.

మన తీరము మాటేమి?

మన మేత ఫ్యాక్టరీలు స్వదేశపు చేపపిండిని విరివిగా వాడుచున్నవి. ఇది కర్ణాటక, గోవా, మహారాష్ట్ర, గుజరాతు తీరములలో తయారగును. నూనె కవళ్ళు దీనికి ముఖ్యమైన ముడిసరుకు. ఈ చేపయు పెరూ చేప వంటిదే; ఒక ఏడు దండిగా పడును, ఒక ఏడు కనిపించదు. కేరళలో 2012లో సుమారు 3.9 లక్షల టన్నులు పడిన కవళ్ళు 2021లో 3,300 టన్నులకు పడిపోయినవి. పేదవాని పళ్ళెములోని చేప గనుక ఈ లోటు మేతకు మాత్రమే కాక ఆహారమునకు కూడ లోటే. పశ్చిమ ఆఫ్రికాలోని సెనెగల్, గాంబియా, మారిటేనియా దేశములలో ప్రజలు తిను చిన్న చేప పిండి ఫ్యాక్టరీలకు తరలిపోవుచున్నదని జాలరులు, చేపలు అమ్ము స్త్రీలు మొరపెట్టుకొనుచున్నారు.

చేపపిండితో వచ్చు మరొక చిక్కు మన రైతులకు అనుభవములోనిదే. పిండిలోని నూనె గాలి తగిలి చెడును. చెడునపుడు వేడి పుట్టి, ఓడలో నిలువయున్న సరుకు తనంతట తానే అంటుకొనవచ్చును. దీనిని నివారించుటకు ఇథాక్సిక్విన్ అను మందు కలిపెడివారు. అది మేత ద్వారా రొయ్యలోనికి చేరినది. 2012లో జపాను మన రొయ్యలలో అది 0.01 పి.పి.ఎం. మించరాదని పట్టుపట్టుటచే ఎగుమతులకు తీవ్రమైన ఆటంకము కలిగినది. 2014లో ఆ పరిమితిని 0.2 పి.పి.ఎం.కు సడలించినారు. రైతు తన చేతితో వేయని మందుకు రైతే నష్టపడెను. మేత బస్తాలో ఏమున్నదో అడిగి తెలిసికొనుట ఎంత అవసరమో దీనివలన తెలియుచున్నది.

రైతులు పాటింపదగిన పద్ధతులు

1. మేత వినియోగ నిష్పత్తిని, అనగా ఎఫ్.సి.ఆర్.ను, ప్రతి పంటకు లెక్క వ్రాసికొనవలెను. టన్ను రొయ్యలకు 1.6 టన్నుల మేత వాడు రైతు దానిని 1.4కు తగ్గించినచో 200 కిలోలు, అనగా 25 కిలోల బస్తాలు 8 మిగులును. ఐదు టన్నుల పంటకు 40 బస్తాలు మిగులును. మేతలో నూటికి 15 పాళ్ళు చేపపిండి ఉన్నదనుకొన్నచో, టన్ను రొయ్యలకు 135 కిలోల సముద్రపు చేప కూడ మిగిలినట్లే.

2. చెక్ ట్రేలను ప్రతి పూట చూచి, మిగులునుబట్టి తరువాతి పూట మేత తగ్గింపవలెను. మబ్బు పట్టినపుడు, ప్రాణవాయువు తగ్గినపుడు, రొయ్య గుల్ల విడుచు రోజులలో మేత తగ్గించుట మేలు. తినక మిగిలిన మేత డబ్బు నష్టముతో పోదు. అడుగున కుళ్ళి చెరువును చెరచును.

3. బస్తాలను నేలపై గాక చెక్క బల్లలపై, గోడకు ఎడముగా, చల్లని పొడిచోట ఉంచవలెను. పాతసరుకును ముందు వాడవలెను. ముక్కవాసన, కారువాసన వచ్చు మేతను, బూజు పట్టిన మేతను చెరువులో వేయరాదు.

4. చేపపిండి ఎక్కువ గల మేతయే మంచిదని భ్రమపడరాదు. రొయ్యకు కావలసినది సరియైన పాళ్ళలో జీర్ణమగు మాంసకృత్తులు, కొవ్వులు, లవణములు. చేపపిండి తగ్గించియు తగిన పోషకములు కూర్చిన మేత చక్కని దిగుబడి ఇయ్యగలదు. క్రొత్త మేతను ముందు ఒక చెరువులో వాడి, లెక్క చూచి, పిదప మిగిలిన చెరువులకు మార్చవలెను.

5. కోళ్ళకు, చేపలకు మేతను స్వయముగా కలుపుకొనువారు విడి చేపపొడిని కొనునపుడు జాగ్రత్త వహింపవలెను. ఇసుక, ఉప్పు కలుపుట సామాన్యము. యూరియా కలుపు మోసము కూడ కలదు. ప్రయోగశాలలో నత్రజనిని కొలిచి 6.25తో హెచ్చించి మాంసకృత్తులని లెక్కింతురు. యూరియాలో నత్రజని నూటికి 46 పాళ్ళు. అందుచే నూరు కిలోల పొడిలో ఒక్క కిలో యూరియా కలిపినను కాగితముపై మాంసకృత్తులు సుమారు 3 పాళ్ళు పెరిగినట్లు కనిపించును. కావున మాంసకృత్తుల అంకె ఒక్కటే చూడక యూరియా, ఇసుక, ఉప్పు పరీక్షలు కూడ చేయింపవలెను.

6. ఎల్ నినో వార్తలను, పెరూ వేట ప్రకటనలను గమనించుచుండవలెను. అక్కడ వేట రద్దయినచో కొన్ని నెలలలో ఇక్కడ మేత ధరపై ఒత్తిడి రావచ్చును. అట్టి కాలమున పిల్లలను దట్టముగా వదలి అప్పుమీద మేత తెచ్చుట ప్రమాదకరము. స్థోమతకు తగినట్లు తక్కువ పిల్లలను వదలుట క్షేమము.

పెరూ సముద్రము వేడెక్కకుండ ఆపుట మన చేతిలో లేదు. పెద్ద కంపెనీవలె నాలుగు దేశములలో కాళ్ళు మోపుటయు మనకు సాధ్యము కాదు. కాని చెరువులో వేసిన ప్రతి గుప్పెడు మేత రొయ్యగా మారునట్లు చూచుకొనుట మన చేతిలోనిదే. మేత ఎంత వృథాయగుచున్నదో తెలిసిన రైతు ధర పెరిగిన ఏడు కూడ తట్టుకొనగలడు. ఈ పంటనుండియే ఒక పుస్తకము పెట్టి, ఏ చెరువునకు ఎన్ని బస్తాలు వేసినారో, ఎన్ని కిలోలు పట్టినారో వ్రాసికొనుడు.