కొత్త రైడ్ వచ్చిందంటే ఏ లెక్క అడగాలి?

సెలవులు దగ్గర పడుతున్నాయంటే కోస్గి పిల్లల్లో వండర్‌లా వినోద పార్కు ముచ్చట మొదలవుతుంది. హైదరాబాద్ పార్కులో ఈసారి కొత్తగా ఏం పెట్టిన్రు? చెన్నైలో పెట్టినంత పెద్దది మన దగ్గరికి ఎప్పుడొస్తది? వీడియో చూస్తూ అడిగే ప్రశ్నలు మాత్రం ఎప్పుడూ మూడే: ఎంత ఎత్తుంటది, ఎంత స్పీడు పోతది, ఎన్నిసార్లు తలకిందులు చేస్తది? పార్కులవాళ్లు పోస్టర్ల మీద పెద్దక్షరాల్లో వేసేవీ ఆ మూడే. పొద్దున్నే బయల్దేరి, నూరు కిలోమీటర్లకు పైగా పోయి, రాత్రికి ఇల్లు చేరాల్సినవాళ్లకు ఇంకో అంకె కావాలి. ఆ రైడ్ గంటకు ఎంతమందిని ఎక్కించుకుంటుంది? రోజంతా ఎలా గడుస్తుందో తేల్చేది ఇదే.

ముందుగా పార్కు లెక్క

వి-గార్డ్ స్టెబిలైజర్లతో పేరు తెచ్చుకున్న కొచౌసేఫ్ చిట్టిలపిల్లి 2000లో కొచ్చిలో వీగాలాండ్ పేరుతో ఒక పార్కు తెరిచారు; వండర్‌లా వరుసలో అదే మొదటిది. 2005లో బెంగళూరులో రెండోది వచ్చింది. మూడోది హైదరాబాద్‌ది. ఔటర్ రింగ్ రోడ్డు 13వ ఎగ్జిట్ దగ్గర రావిర్యాలలో సుమారు 50 ఎకరాల్లో, రూ.250 కోట్ల ఖర్చుతో 2016 ఏప్రిల్‌లో తెరుచుకుంది. 2024 మేలో భువనేశ్వర్, 2025 డిసెంబరులో చెన్నై వరుసలో చేరాయి. చెన్నై పార్కు విస్తీర్ణం 64 ఎకరాలు, ఖర్చు రూ.611 కోట్లు. అంటే హైదరాబాద్ పార్కు తెరిచిన తొమ్మిదిన్నరేళ్లకు, దానికన్నా దాదాపు రెండున్నర రెట్ల ఖర్చుతో ఇంకొకటి లేచింది.

రెండో పార్కుకూ మూడో పార్కుకూ మధ్య పదకొండేళ్లు, మూడుకూ నాలుగుకూ మధ్య ఎనిమిదేళ్లు పట్టిందంటే కారణం యంత్రాలు దొరక్క కాదు. భూమి, పన్ను కుదరాలి. చెన్నై ప్రాజెక్టు ఏళ్ల తరబడి ముందుకు కదలకపోవడానికి స్థానిక సంస్థల వినోద పన్ను 10 శాతం ఒక ముఖ్య కారణం. పదేళ్లపాటు ఆ పన్ను మినహాయిస్తామని తమిళనాడు ప్రభుత్వం చెప్పాకే పనులు ఊపందుకున్నాయి. జీఎస్టీదీ ఇదే కథ. 2017 జులైలో పార్కు టికెట్‌పై 28 శాతం వేశారు. 2018 జనవరిలో దాన్ని 18కి తగ్గించారు. వెయ్యి రూపాయల టికెట్‌పై పన్ను 280 నుంచి 180కి దిగింది. కొత్త రైడ్ ఎప్పుడొస్తుందన్న ప్రశ్నకు జవాబు సగం ఇలాంటి లెక్కల్లోనే ఉంటుంది.

ఎత్తు, వేగం: పోస్టర్ మీది అంకెలు

హైదరాబాద్ పార్కులో అందరూ చెప్పుకునే రోలర్ కోస్టర్ పేరు రీకాయిల్. ఇది నెదర్లాండ్స్‌కు చెందిన వెకోమా కంపెనీ బూమరాంగ్ నమూనా. 1984 నుంచి ప్రపంచంలో పదుల పార్కుల్లో ఇదే నమూనా తిరుగుతోంది. రైలును వెనక్కి లాగి సుమారు 35 మీటర్ల ఎత్తుకు ఎక్కించి వదిలేస్తారు. అది కిందికి దూకి, మూడుసార్లు తలకిందులై, రెండో కొసన ఎత్తుకు చేరి, అదే పట్టాలపై వెనక్కి వస్తూ మరో మూడుసార్లు తలకిందులవుతుంది. మొత్తం ఆరు. వేగం గంటకు సుమారు 75 కిలోమీటర్లు. ప్రయాణం రెండు నిమిషాలలోపే ముగుస్తుంది.

ఎత్తుకూ వేగానికీ సంబంధం బడిలో చదివిన సూత్రమే. 35 మీటర్ల పైనుంచి ఏ అడ్డూ లేకుండా పడే వస్తువు నేలను తాకేసరికి గంటకు దాదాపు 94 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. రైలు 75 దగ్గరే ఆగిపోవడానికి రెండు కారణాలున్నాయి. గాలి, చక్రాల రాపిడి కొంత శక్తిని తినేస్తాయి. పైగా రైలు పొడవుగా ఉంటుంది కాబట్టి పెట్టెలన్నీ ఒకేసారి శిఖరాన ఉండవు.

ఎత్తు రెట్టింపు చేస్తే వేగం రెట్టింపవుతుందని చాలామంది అనుకుంటారు. కాదు, 1.4 రెట్లే పెరుగుతుంది. వేగం రెట్టింపు కావాలంటే ఎత్తు నాలుగింతలు కావాలి. అందుకే లోకంలోని అతి పెద్ద కోస్టర్లు ఎత్తునే నమ్ముకోవు, మోటార్లతో నెట్టిస్తాయి. సౌదీలో రియాద్ దగ్గరి కిద్దియాలో 2025 డిసెంబరు 31న తెరుచుకున్న ఫాల్కన్స్ ఫ్లైట్ ఎత్తు 195 మీటర్లు, వేగం గంటకు 250 కిలోమీటర్లు. 195 మీటర్ల నుంచి ఊరికే పడితే వచ్చే వేగం 223 మాత్రమే. పైన మిగిలిన 27 కిలోమీటర్లు మోటార్ల చలవ.

ఒంటికి తెలిసేది వేగం కాదు, బరువు. బూమరాంగ్ నమూనాలో ఒక్క క్షణంపాటు మన బరువు ఐదు రెట్లదాకా పెరిగినట్టు అనిపిస్తుంది. 60 కిలోల మనిషికి 300 కిలోలంటే, ఆరు వడ్ల బస్తాలు ఒళ్లో పెట్టినట్టు. గుండె జబ్బు, మెడ నొప్పి, నడుం నొప్పి ఉన్నవాళ్లూ, గర్భిణులూ ఎక్కొద్దని బోర్డు పెట్టేది ఇందుకే. ఆ బోర్డు చదవకుండా వరుసలో నిలబడొద్దు.

గంటకు ఎందరు?

బూమరాంగ్ రైలులో 28 సీట్లు. గంటకు 760 మందిని తిప్పవచ్చని తయారీదారుల లెక్క. అలా జరగాలంటే గంటకు 27 ట్రిప్పులు కావాలి, అంటే ట్రిప్పుకు 2 నిమిషాల 13 సెకన్లు. ప్రయాణానికే 1 నిమిషం 48 సెకన్లు పోతే మిగిలేది 25 సెకన్లు. ఆ 25 సెకన్లలో 28 మంది దిగాలి, ఇంకో 28 మంది ఎక్కాలి, చెప్పులు, ఫోన్లు పక్కన పెట్టాలి, సిబ్బంది ఒక్కొక్కరి బార్ లాగి చూడాలి. మన దగ్గర అయ్యే పని కాదు. పైగా భద్రత కోసం అలా కాకపోవడమే మంచిది.

ట్రిప్పుకు నాలుగు నిమిషాలు పడుతుందనుకుందాం. గంటకు 15 ట్రిప్పులు, 420 మంది. పార్కు ఉదయం 11కి తెరిచి సాయంత్రం 6 వరకు నడిచే రోజున ఏడు గంటలకు 2,940 మంది. ఇక రెండో వైపు చూద్దాం. 2022-23లో వండర్‌లా మూడు పార్కులకు కలిపి వచ్చినవారు సుమారు 33 లక్షలు. పార్కుకు సగటున రోజుకు దాదాపు 3,000 మంది. అంటే సగటు రోజున వచ్చిన ప్రతి ఒక్కరూ ఆ ఒక్క కోస్టర్ ఒక్కసారి ఎక్కాలనుకుంటే సీట్లు సరిపోతాయా లేదా అన్నట్టుంటాయి. ఆదివారం, పండగ సెలవు రోజు సరిపోవన్నది చెప్పకనే తెలుస్తుంది. 'రెండుసార్లు ఎక్కినం' అని ఎవరైనా చెబితే వాళ్లు వెళ్లింది మామూలు రోజున అయి ఉండాలి, లేకపోతే గేటు తెరవగానే ముందుగా అటే పరుగెత్తి ఉండాలి.

వరుసలో నిలబడే సమయాన్నీ ఇలాగే అంచనా వేయవచ్చు. ముందు 300 మంది ఉంటే, గంటకు 420 చొప్పున 43 నిమిషాలు. ఎక్కువ డబ్బు కట్టి ఫాస్ట్‌ట్రాక్ తీసుకున్నవారికి ప్రతి ట్రిప్పులో 8 సీట్లు కేటాయిస్తే మామూలు వరుసకు మిగిలేవి 20. అప్పుడు అదే 300 మందికి సరిగ్గా గంట పడుతుంది. ఫాస్ట్‌ట్రాక్ వల్ల సీట్లు పెరగవు. ఒకరి 17 నిమిషాలు ఇంకొకరికి చేరతాయి, అంతే.

చెన్నైలో వచ్చిన తంజోరా కోస్టర్ గురించి మాట్లాడుకునేటప్పుడూ ఈ కోణం మరవకూడదు. స్విట్జర్లాండ్‌కు చెందిన బోలిగర్ అండ్ మాబిలార్డ్ కంపెనీ చేసిన ఆ కోస్టర్‌లో సీట్లు పట్టాలకు కింద వేలాడతాయి, కాళ్లు గాల్లో ఊగుతాయి. వీడియోల్లో కనిపించేది ఇదే. బూమరాంగ్ ఒకే పట్టాలపై ముందుకూ వెనక్కూ పోతుంది కాబట్టి అక్కడ రెండో రైలుకు చోటు లేదు. చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికే వచ్చే కోస్టర్లలో పట్టాలను భాగాలుగా విడగొట్టి, ఒక భాగంలో ఒక రైలే ఉండేలా బ్రేకులు పెడతారు. ఒకటి తిరుగుతుండగా ఇంకొకదాన్ని నింపుకోవచ్చు. రెండు రైళ్లు నడిపితే గంట లెక్క దాదాపు రెట్టింపవుతుంది. హైదరాబాద్‌కు ఏదైనా కొత్తది వస్తుందని విన్నప్పుడు అభిమానులు ముందుగా అడగాల్సింది 'ఎన్ని రైళ్లు నడుపుతరు?' అని.

జాతర చక్రం ఏమీ తీసిపోలేదు

కురుమూర్తి, మన్యంకొండ, పోలేపల్లి ఎల్లమ్మ జాతరలకు వెళ్లేవాళ్లకు రైడ్లు కొత్త కాదు. జెయింట్ వీల్, బ్రేక్ డ్యాన్స్, కొలంబస్ పడవ చూడని పిల్లలు ఈ ప్రాంతంలో అరుదు. 16 తొట్లున్న చక్రంలో తొట్టికి నలుగురు కూర్చుంటే 64 మంది. ఒక్కో తొట్టి నింపడానికి 20 సెకన్లు పట్టినా మొత్తం ఐదు నిమిషాలకు కాస్త పైన. తిప్పేది నాలుగు నిమిషాలు. తొమ్మిది నిమిషాల పైచిలుకుకు 64 మంది అంటే గంటకు దాదాపు 410. కోట్లు పోసి తెచ్చిన కోస్టర్ అంకెకూ దీనికీ పెద్ద తేడా లేదు.

ఇక పాత లెక్క ఇంకా ఆశ్చర్యపెడుతుంది. 1893లో షికాగోలో జార్జ్ ఫెర్రిస్ నిలబెట్టిన భారీ చక్రం ఎత్తు 80 మీటర్లు. 36 పెట్టెలు, పెట్టెకు 60 మంది, ఒక్కసారికి 2,160 మంది. టికెట్ 50 సెంట్లు. ప్రదర్శన ముగిసేలోపు 14 లక్షలమందికి పైగా ఎక్కారు. నూట ముప్ఫై ఏళ్ల తర్వాత రైడ్లు వేగంలో ఎంతో ముందుకు పోయాయి కానీ, ఒక్కసారికి ఎక్కించుకునే జనంలో ఆ చక్రం ముందు నిలబడేది చాలా తక్కువ.

భద్రతలో మాత్రం జాతరకూ పార్కుకూ తేడా ఉంది. పార్కు రైడ్ ఒకే చోట కాంక్రీటు పునాదిపై ఏళ్లపాటు నిలబడుతుంది. పొద్దున తెరవకముందే సిబ్బంది ఖాళీ రైలు తిప్పి చూస్తారు. జాతర రైడ్‌ను వారానికో ఊళ్లో విప్పి, లారీలో వేసి, మళ్లీ బిగిస్తారు. బిగించిన ప్రతిసారీ ప్రతి బోల్టూ కొత్తగా పరీక్షకు నిలబడినట్టే. నగరంలోనూ పొరపాట్లు జరుగుతాయి. 2025 జనవరిలో నాంపల్లి నుమాయిష్‌లో ఒక రైడ్ మధ్యలో ఆగిపోయి, ఎక్కినవాళ్లు 20 నిమిషాలకు పైగా తలకిందులుగా వేలాడాల్సి వచ్చింది. మన దేశంలో ఈ యంత్రాలకు ఐఎస్ 15475 పేరుతో భారతీయ ప్రమాణం ఉంది. జాతర కమిటీ వేలం పాడే రోజే, ఏ ఇంజినీరు చూసి సంతకం పెట్టాడో కాగితం అడిగితే ఆ ప్రమాణానికి విలువ ఉంటుంది.

కోస్గి నుంచి ఒకరోజు ఖర్చు

కోస్గిలో ఆర్టీసీ డిపో ఉంది కాబట్టి హైదరాబాద్ చేరడం కష్టం కాదు. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేదు. అమ్మ, అక్క, చెల్లె వెళ్తే ప్రయాణ ఖర్చు సున్నా. టికెట్ ఖర్చే మొత్తం బరువు. పన్నుతో కలిపి రూ.1,180 టికెట్ అనుకుంటే, అందులో 180 జీఎస్టీ. 2025-26లో తెలంగాణలో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. ఆ ఒక్క టికెట్ దాదాపు నాలుగు రోజుల కూలి. నలుగురున్న ఇంటికి పదిహేను రోజుల పైమాటే. ఇంత పెట్టి వెళ్లినవాళ్లు కోస్టర్ దగ్గర గంట, లాకర్ దగ్గర ఇరవై నిమిషాలు, తిండి దగ్గర గంట పోగొట్టుకుంటే ఏడు గంటల్లో చేతికి మిగిలేది నాలుగు గంటల నలభై నిమిషాలే.

ఇంకో అంకె పిల్లల కంట నీళ్లు పెట్టిస్తుంది: 140 సెంటీమీటర్లు. వండర్‌లాలో ఎక్కువ భయపెట్టే రైడ్లకు కనీస ఎత్తు ఇదే. పూర్తి టికెట్ మొదలయ్యేదీ ఇక్కడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలతల ప్రకారం పదేళ్ల పిల్లల మధ్యస్థ ఎత్తు 138 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది, పదకొండేళ్లకు 140 దాటుతుంది. ఐదో తరగతి పిల్లలను విహారయాత్రకు తీసుకెళ్తే సగానికి పైగా పెద్ద కోస్టర్ కిందే నిలబడి చూడాల్సి వస్తుందన్నమాట. ఏడో తరగతికి వచ్చాక ఈ బాధ చాలావరకు తీరుతుంది.

కాబట్టి బడి నుంచి యాత్ర వేసే సార్లకు, టీచరమ్మలకు ఒక మాట. బస్సు మాట్లాడే ముందు తరగతి గోడ మీద 140 దగ్గర గీత గీసి పిల్లలను నిలబెట్టి చూడండి. ఆదివారం, పండగ సెలవులు వదిలేసి వారం మధ్య రోజు ఎంచుకోండి. గేటు తెరిచే వేళకు అక్కడుండి, అందరూ ఎక్కాలనుకునే రైడ్‌తో మొదలుపెట్టి, నీళ్ల ఆటలు మధ్యాహ్నానికి ఉంచండి. కొత్త రైడ్ ఎంత ఎత్తుందో వీడియో చెబుతుంది. అది గంటకు ఎందరిని ఎక్కిస్తుందో మీరే అడిగి తెలుసుకోవాలి.