మొదటి నిమిషంలో ఏం జరుగుతుంది?

సికింద్రాబాదు జనరల్ బజారులో మీరు ఒక కొత్త దుకాణంలో అడుగు పెట్టారనుకోండి. గల్లాపెట్టె దగ్గరి మనిషి తలెత్తి, "రా బాబూ, ఏం కావాలి?" అన్నాడు. ఇంకా సరుకు చూడనేలేదు, ధర అడగనేలేదు. అయినా ఆ మనిషి మంచివాడో కాదో మీ మనసు అప్పుడే తేల్చేసింది కదూ? దీనినే తొలి అభిప్రాయం అంటారు.

ఈ రోజుల్లో వ్యాపారులు పరిచయాలు పెంచుకోవడం కోసమే సమావేశాలు జరుపుకుంటున్నారు. అక్కడ ఒక్కొక్కరూ లేచి తమ పేరు, చేసే పని క్లుప్తంగా చెప్పుకుంటారు. రేపు మీరు కూడా ఉద్యోగం కోసమో, సొంత పని కోసమో ఇలాగే కొత్తవారి ఎదుట నిలబడవలసి వస్తుంది. కాబట్టి ఆ కొద్దిసేపట్లో మనసు ఎలా పనిచేస్తుందో తెలుసుకుందాం.

తొలి అభిప్రాయం ఎంత త్వరగా ఏర్పడుతుంది? అమెరికాలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన విల్లిస్, తోదొరోవ్ అనేవారు దీనిపై చేసిన ప్రయోగాలను 2006లో ప్రకటించారు. ముక్కూ మొహం తెలియని వారి ఫోటోలను సెకనులో పదో వంతు కాలం మాత్రమే చూపి, "ఈ మనిషిని నమ్మవచ్చునా?" వంటి ప్రశ్నలు అడిగారు. ఆ జవాబులు, ఫోటోను తీరిగ్గా చూసినవారి జవాబులతో చాలావరకు సరిపోయాయి. ఎక్కువ సమయం ఇస్తే అభిప్రాయం పెద్దగా మారలేదు. తన అభిప్రాయం మీద నమ్మకం మాత్రం పెరిగింది!

మరి మొదట తెలిసినదానికి అంత బలం ఎందుకు? 1946లో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఒక తమాషా ప్రయోగాన్ని ప్రకటించాడు. ఒక మనిషిని గురించి కొందరికి ఈ వరుసలో చెప్పాడు: తెలివైనవాడు, కష్టపడేవాడు, తొందరపాటు మనిషి, తప్పులెంచేవాడు, మొండివాడు, అసూయాపరుడు. మరికొందరికి ఇవే మాటలను చివరినుంచి మొదటికి చెప్పాడు. మాటలు అవే అయినా, మంచి గుణాలు ముందు విన్నవారికి ఆ మనిషి మీద మంచి అభిప్రాయం కలిగింది. ముందు వచ్చిన మాట ఒక దారి వేస్తుందనీ, తరువాతి మాటలను మనం ఆ దారిలోనే అర్థం చేసుకుంటామనీ ఆష్ వివరించాడు. తెలివైనవాడు తప్పులెంచితే "నిశితంగా చూస్తాడు" అంటాం. అసూయాపరుడు తప్పులెంచితే "ఓర్వలేనివాడు" అంటాం.

ఆష్ మరొకటి గమనించాడు. గుణాల పట్టికలో "ఆప్యాయత గలవాడు" అన్న ఒక్క మాట తీసి "ముభావంగా ఉండేవాడు" అని పెడితే, మొత్తం అభిప్రాయమే మారిపోయింది.

దీనికి చరిత్రలో ఒక ఉదాహరణ చూడండి. 1893 ఫిబ్రవరి 13న వివేకానందుడు సికింద్రాబాదులోని మహబూబ్ కళాశాలలో, తాను పాశ్చాత్య దేశాలకు ఎందుకు వెళ్ళదలచాడో వివరిస్తూ ఉపన్యసించాడు. ఏడు నెలల తరువాత, సెప్టెంబరు 11న, చికాగో సభలో వేలాది మంది అపరిచితుల ఎదుట లేచాడు. గుండె దడదడలాడిందనీ, నాలుక ఎండిపోయిందనీ తరువాత ఒక ఉత్తరంలో ఆయనే రాశాడు. కాని శ్రోతలను సోదరీ సోదరులని పిలవగానే సభ చప్పట్లతో మారుమోగింది. ఆ మాటలో ఉన్నది ఆప్యాయతే కదా! అయితే ఆ ఒక్క పిలుపుతోనే పని పూర్తికాలేదు. ఆ సభల్లో ఆయన ఇంకా అనేకసార్లు మాట్లాడి ఆ అభిప్రాయాన్ని నిలబెట్టుకున్నాడు.

పరిచయాల్లో మరో చిక్కు ఉంది. అందరూ వరుసగా పేర్లు చెబుతున్నప్పుడు, మీకు సరిగ్గా ముందువాడు చెప్పింది మీకు గుర్తుండదు. 1973లో బ్రెన్నర్ అనే పరిశోధకుడు దీనిని ప్రయోగంతో చూపాడు. "నా వంతు వచ్చేస్తోంది" అన్న ఆలోచనలోనే మన ధ్యాసంతా ఉండడం దీనికి ఒక కారణం.

అంచేత ఏం చేయాలి? చెప్పవలసిన రెండు ముక్కలు ఇంటి దగ్గరే సిద్ధం చేసుకోండి. అప్పుడు ఇతరులు చెప్పేది వినడానికి ధ్యాస మిగులుతుంది. ముఖ్యమైన మాట ముందు చెప్పండి. ఎదుటివారి పేరు విన్న వెంటనే ఒకసారి పలకండి: "నమస్కారం రామయ్యగారూ" అన్నట్టు. చిరునవ్వుకు ఖర్చు లేదు.

ఇక రెండో వైపు చూద్దాం. తొలి అభిప్రాయం వేగంగా వస్తుందన్నామే గాని, నిజమని అనలేదు. ముఖం చూసి బొట్టు పెట్టడం మనకు అలవాటు. మీ తరగతిలో కొత్తగా చేరిన పిల్ల మొదటిరోజు నోరు విప్పలేదనుకోండి. "గర్విష్ఠి" అని మీరు తేల్చేస్తే, ఆ తరువాత ఆమె ఏం చేసినా అలాగే కనిపిస్తుంది. పాపం, ఆమెకు భాష కొత్తేమో! ఆమెతో మరో నాలుగు రోజులు మాట్లాడి చూడండి.

ఆష్ ప్రయోగం మీ తరగతిలోనే చేయవచ్చు. పైన ఇచ్చిన ఆరు మాటలను సగం మందికి ఒక వరుసలో, మిగతా సగానికి తిరగవేసి చీటీల మీద రాసి ఇవ్వండి. ఒకరి చీటీ మరొకరు చూడకూడదు. "ఇతనితో స్నేహం చేస్తారా?" అని అడగండి. జవాబులు లెక్కించి, రెండు జట్లకూ తేడా ఉందేమో చూడండి. ఆ తరువాతే చీటీలు బయటపెట్టండి.