కూరగాయ తోటలకు మిరప–వెల్లుల్లి కషాయము

కర్నూలు, కడప జిల్లాల రైతులకు తెలియజేయునది

వంటింట ప్రతిదినము వాడెడు పచ్చిమిరపయు, వెల్లుల్లియు కూరగాయ మొక్కలను కొన్ని పురుగుల బారినుండి కాపాడుటకు ఉపయోగపడును. అయితే ఏ పురుగునకు, ఏ సమయమున వాడవలెనో, దేనికి వాడుట వ్యర్థమో ఎరుగని రైతునకు దీనివలన లాభము లేదు. ఆ సంగతులు ఈ పత్రమున వివరింపబడినవి.

మన సీమలో వాన తక్కువ. పత్తికొండ దిక్కున టమాట చేలును, మైదుకూరు దిక్కున పసుపు తోటలును, పూర్వము సంస్థానముగా నుండి 1948లో మదరాసు రాష్ట్రమున విలీనమై, 2022 నుండి నంద్యాల జిల్లాలో చేరియున్న బనగానపల్లె భూములును బావినీటినో, బోరునీటినో, కాలువనీటినో నమ్ముకొన్నవే. ఇట్లు నీటికై వ్యయపడిన రైతు, పురుగు కనబడగానే అరువుపై మందు తెచ్చి చల్లినయెడల, ధర పడిపోయిన సంవత్సరమున అప్పే మిగులును. కావున చేతనున్న వస్తువుతో తీరు పనికి అప్పు చేయకుండుట మేలు.

కషాయము పనిచేయు తీరు

మిరప మంటకు కారణము కాప్సైసిన్ అను పదార్థము. అది నీటిలో సరిగా కరగదు. అందుచేత సబ్బు కలుపవలెను. వెల్లుల్లి రెబ్బ నలిగినప్పుడే అల్లిసిన్ అను ఘాటైన పదార్థము పుట్టును. వేడికిని, నిలువకును అది నశించును. కాబట్టి వెల్లుల్లిని దంచవలెనేగాని కాచరాదు. ఈ ఘాటునకు కొన్ని పురుగులు మొక్కను విడిచి తొలగును. సబ్బునీరు తగిలిన పేనుబంక చచ్చును.

తయారుచేయు విధానము

10 లీటర్ల నీటికి 300 గ్రాముల కారముగల పచ్చిమిరపకాయలు, 50 గ్రాముల వెల్లుల్లి, 10 గ్రాముల సబ్బు కావలెను. మిరపను, వెల్లుల్లిని వేరువేరుగా మెత్తగా దంచి, కొద్ది నీటిలో కలిపి, పలుచని గుడ్డతో రెండుమారులు వడపోయవలెను. లేనిచో పిప్పి పిచికారి మూతిని మూసివేయును. సబ్బును వేరుగా కరగించి చేర్చి, మిగిలిన నీరు పోయవలెను. సబ్బునకు మారుగా కుంకుడు రసము వాడవచ్చును. బట్టలుతుకు పొడి ఆకులను మాడ్చును గనుక వాడరాదు. చేసిన కషాయమును ఆనాడే ముగింపవలెను.

వాడు విధానము

1. మొదట రెండు మూడు మొక్కలపై మాత్రమే చల్లి, మరునాడు చూడవలెను. ఆకు మాడినచో నీరు ఇనుమడింపవలెను.

2. ఎండ తగ్గిన పిమ్మట సాయంకాలమున చల్లవలెను. నీరు చాలక వాడిన మొక్కలపై చల్లరాదు.

3. పేనుబంక, తామరపురుగు, తెల్లదోమ ఆకు అడుగున దాగును గనుక అడుగుభాగము తడియునట్లు చల్లవలెను.

4. వారమునకొకమారు, వాన కురిసినచో మరల, చల్లవలెను.

5. తేనెటీగలు తిరుగు వేళ పూలపై చల్లరాదు. అక్షింతల పురుగులు పేనుబంకను తినును. అవి మెండుగా నున్నచోట కషాయము మానుటయే మంచిది.

6. కండ్లకు, ముక్కునకు గుడ్డ కట్టుకొని, గాలివాలున నడచుచు చల్లవలెను. కోతకు నాలుగు దినముల ముందు ఆపి, కాయలను కడిగి వాడవలెను.

కషాయమునకు లొంగనివి

కారము ఎక్కువైన గుణమెక్కువగునని తలచి మోతాదు పెంచుట పొరపాటు. పురుగుకంటె ముందు మొక్కయే చెడును. వంకాయ కొమ్మలోను, కాయలోను తొలిచి దాగిన పురుగును కషాయము చేరజాలదు. ఆ కొమ్మలను, కాయలను కోసి నాశనము చేయవలెను. టమాట ఆకుముడత, బెండ పల్లాకు తెగుళ్లు తెల్లదోమ మోసికొనివచ్చు వైరస్ తెగుళ్లు. తగిలిన మొక్కకు మందు లేదు. మొదటనే పెరికి, దూరముగా పూడ్చివేయవలెను. పక్షులకు మిరపకారము మంట పుట్టింపదు గనుక చిలుకలనుండి పండ్లను కాపాడుటకు దీనిని చల్లుట నిష్ప్రయోజనము.

ఒక గ్రామపు అనుభవము

2000 తరువాతి తొలి సంవత్సరములలో, నాటి ఖమ్మము జిల్లా పాల్వంచ ప్రాంతమందలి పునుకుల గ్రామస్థులు రసాయనపు మందులను మాని, వేప కషాయముతోడను, మిరప–వెల్లుల్లి కషాయముతోడను ప్రత్తి పండించిరి. వారు కషాయమును మాత్రమే నమ్ముకొనలేదు. లింగాకర్షక బుట్టలు కట్టి, ఎర పైరులు వేసి, చేను తిరిగి చూచుచు పురుగును కనిపెట్టిరి.

మన రైతులును అట్లే వారమునకు రెండుమారులు ఆకు తిప్పి చూడవలెను. పురుగు నాలుగైదు మొక్కలమీద నున్నప్పుడు ఈ కషాయము చాలును. తగ్గనియెడల 500 గ్రాముల వేపగింజల పొడిని 10 లీటర్ల నీటిలో రాత్రియంతయు నానబెట్టి, వడపోసి, సబ్బు చేర్చి చల్లవలెను. అప్పటికిని లొంగనిచో, చెడిన ఆకులను వెంటగొనిపోయి వ్యవసాయాధికారికి చూపి, తెగులేదో తెలిసికొన్న పిమ్మటనే మందు కొనవలెను. తెగులెరుగక కొన్న మందు పైరునకు మేలు చేయదు, అప్పును మాత్రము పెంచును.