సముద్రం అడుగుకు వెళ్ళేవారికి బీమా అవసరమా?

శ్రీకాకుళం తీరపు పల్లెలకు అండమాన్ కొత్త పేరేమీ కాదు. పొట్ట చేతపట్టుకుని ఓడ ఎక్కినవారి బంధువులు ఇక్కడ నేటికీ ఉన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగే. అయితే నేడు హైదరాబాదు, బెంగుళూరులలో ఉద్యోగాలు చేస్తున్న ఈ పల్లెల కుర్రకారు అక్కడికి కూలికి కాదు, విహారానికి విమానంలో వెళుతున్నారు. వీపున గాలి సిలిండరు కట్టుకుని నీటి అడుగున పగడపు దిబ్బలు చూసి రావడం వారి ముచ్చట. దీన్నే స్కూబా డైవింగ్ అంటారు. 2018లో స్వరాజ్ ద్వీప్‌గా పేరు మారిన హేవ్‌లాక్ దీవి ఇందుకు పేరుపొందింది. విశాఖ దగ్గర రుషికొండ తీరంలోనూ ఈ సరదా తీర్చుకోవచ్చు.

టికెట్టు కొనేటప్పుడే ప్రయాణ బీమా కావాలా అని అడుగుతారు. బ్యాంకులో 20 రూపాయల బీమా ఉందిగదా, మళ్ళీ ఎందుకు దండుగ అనుకునేవారే ఎక్కువ. ఇక్కడే పొరపాటు జరుగుతోంది. ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమా ప్రమాదంలో మనిషి పోతే 2 లక్షలు ఇస్తుంది. శాశ్వత వైకల్యానికీ సొమ్ము వస్తుంది. కాని ఆసుపత్రి బిల్లు కట్టదు. రైలు టికెట్టుతో 45 పైసలకు ఇచ్చే బీమా రైలు ప్రమాదానికే గాని సముద్రానికి వర్తించదు.

నీటిలో ప్రమాదం ఎలా వస్తుందో తెలిస్తేనే బీమా సంగతి తేలుతుంది. పది మీటర్ల లోతున ఒంటిమీద ఒత్తిడి గట్టుమీదకన్నా రెట్టింపు. ఆ ఒత్తిడికి, పీల్చిన గాలిలోని నత్రజని రక్తంలో కరుగుతుంది. లోతున చాలాసేపు ఉండి ఒక్కసారిగా పైకి వస్తే, మూత తీసిన సోడాలా బుడగలు లేస్తాయి. కీళ్ళనొప్పులతో మొదలై కాళ్ళు చచ్చుబడేదాకా పోవచ్చు. దీనికి చికిత్స గాలి ఒత్తిడి పెంచిన ప్రత్యేకమైన గదిలో గంటల తరబడి ప్రాణవాయువు పట్టించడమే. అలాంటి గది ఉన్నది పోర్టుబ్లెయిరులోని నౌకాదళ ఆసుపత్రి ధన్వంతరిలో. హేవ్‌లాక్ నుంచి సముద్రం దాటి అక్కడికి చేరాలి. విమానం ఎక్కినా ఈ జబ్బు పైకి వస్తుంది గనుక ఒక్కసారి మునిగినవారు కనీసం 12 గంటలు, రోజూ మునిగినవారు 18 గంటలు ఆగాలని నిపుణుల సలహా. మధ్యాహ్నం మునిగి సాయంత్రం విమానానికి పరుగెత్తేవారిని ఏ బీమా కాపాడుతుంది?

సొంత ఆరోగ్య బీమా ఉన్నవారు ముందుగా ఆ కాగితాలు తీసి మినహాయింపుల పేజీ చదవాలి. మన దేశంలో ఆరోగ్య పాలసీలలో సాధారణంగా ఉండే నిబంధన ప్రకారం సాహస క్రీడలను వృత్తిగా చేసేవారికే చికిత్స ఖర్చు నిరాకరిస్తారు. ఆ నిబంధనలో స్కూబా పేరు కూడా ఉంది. సరదాకు మునిగేవారికి అది అడ్డు కాదు. కనుక రుషికొండలో ఒక్క మునక వేసి సాయంత్రం బస్సుకు ఇల్లు చేరే కుర్రాడు వేరే పాలసీ కొననక్కరలేదు.

అండమాన్‌లో నాలుగురోజులు ఉండి శిక్షణ పొందేవారి సంగతి వేరు. దీవి నుంచి రోగిని తరలించే ఖర్చు, పాడైన టికెట్ల సొమ్ము ఆరోగ్య బీమాలో సాధారణంగా రావు. ఇంటికి సంపాదించేవాడు ఒక్కడే అయి, ఊళ్ళో పొలంమీద అప్పు కూడా ఉంటే ప్రయాణ బీమా తీసుకోవడమే మేలు. అయితే పాలసీలో స్కూబా డైవింగ్ అని అక్షరాలా ఉండాలి. సాహస క్రీడలను పూర్తిగా వదిలేసే ప్రయాణ పాలసీలు చాలా ఉన్నాయి. ఏజెంటు మాటలు నీటిమూటలు. ఎన్ని మీటర్ల లోతు వరకు, శిక్షకుడు పక్కన ఉండాలా అన్నది కూడా చూసుకోవాలి. తొలిసారి మునిగేవారిని 12 మీటర్లు దాటనివ్వరు, మొదటి సర్టిఫికెట్టు పొందినవారికి 18 మీటర్లు హద్దు.

మునిగేముందు ఇచ్చే ఆరోగ్య పత్రంలో ఆయాసం, మూర్ఛ, గుండెజబ్బు దాస్తే ప్రాణానికీ ముప్పే, బీమా సొమ్ముకూ ముప్పే. కంపెనీ అన్యాయంగా సొమ్ము నిరాకరించిందనుకుంటే ముందు దానికే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకున్నా, వచ్చిన జవాబు సరిగా లేకున్నా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు అర్జీ పెట్టవచ్చు. దానికి ఫీజు లేదు, వకీలు పని లేదు.