విడ్జెట్ స్థితుల నుంచి వర్ణాలకు: డెస్క్‌టాప్ అనువర్తనాల థీమ్‌లలో నియమక్రమం

వ్యాస సంగ్రహం: డెస్క్‌టాప్ అనువర్తనాలలోని బటన్లు, పాఠ్యపేటికలు, జాబితాలు తమ స్థితిని బట్టి రంగు మార్చుకొంటాయి. స్థితికీ రంగుకూ గల సంబంధాన్ని ఒక సాధారణ పట్టికగా భావించడం పరిపాటి. అయితే ఒకే విడ్జెట్ ఒకే క్షణంలో అనేక స్థితులలో ఉండగలదు. అందువల్ల ఆ సంబంధం వరుసక్రమం గల నియమావళి రూపంలో ఉండక తప్పదని ఈ వ్యాసం టీటీకే ఉపకరణసముదాయం ఆధారంగా వివరిస్తుంది. టీకే 8.6.9లో ట్రీవ్యూ వరుసల రంగులు మరుగున పడిన ఉదంతాన్ని విశ్లేషిస్తుంది. నిష్క్రియ స్థితికి కేటాయించే బూడిదరంగు తెలుగు లిపి చదువరులకు కలిగించే ఇబ్బందిని గణించి చూపుతుంది.

కీలకపదాలు: విడ్జెట్, స్థితి, థీమ్, వర్ణ ప్రణాళిక, టీటీకే, కాంట్రాస్ట్ నిష్పత్తి, నిష్క్రియ స్థితి.

1. ఉపోద్ఘాతం

తెర మీది బటన్ ఒక దీర్ఘచతురస్రం, అందులో కొన్ని అక్షరాలు. అది నొక్కదగినదా కాదా, మౌస్ సూచిక దాని మీద ఉందా, కీబోర్డులో స్పేస్ మీట నొక్కితే స్పందించేది అదేనా అనే సమాచారమంతా వాడుకరికి రంగు ద్వారానో అంచుగీత ద్వారానో అందవలసిందే. వేరే ఆధారం చాలా సందర్భాలలో ఉండదు. రంగుల కేటాయింపు తప్పితే ప్రోగ్రామ్ ఆగిపోదు, దోషసందేశమూ రాదు. సమాచారం మాత్రం చేరవలసిన మనిషికి చేరదు. ఈ నిశ్శబ్ద లోపమే ఇక్కడి పరిశీలనాంశం.

ఇందుకు ప్రధాన ఉదాహరణగా టీటీకేను ఎంచుకోవడానికి కారణం ఉంది. జాన్ ఔస్టర్‌హౌట్ రూపొందించిన టీకే ఉపకరణసముదాయానికి, జో ఇంగ్లిష్ రచించిన టైల్ అనే పొడిగింపు 2007లో 8.5వ సంచికతో అంతర్భాగమైంది. దానికే టీటీకే అని పేరు. పైథాన్ భాషలోని టికింటర్ ద్వారా అది విద్యార్థులకు, అధ్యాపకులకు సులభంగా అందుబాటులో ఉంది. స్థితికి రంగును ముడిపెట్టే పద్ధతి దానిలో దాగి ఉండదు. ఒక్క ఆదేశంతో అడిగి చూడవచ్చు, మార్చవచ్చు.

2. ఏక స్థితి, బహు స్థితులు

పూర్వపు ఉపకరణసముదాయాలు స్థితిని ఏకవచనంగా చూశాయి. జీటీకే రెండవ తరంలో ఒక విడ్జెట్‌కు ఐదు స్థితులు నిర్దేశించారు: సాధారణం, నొక్కబడినది, సూచిక పైనున్నది, ఎంపికైనది, నిష్క్రియం. ఏ క్షణంలోనైనా ఈ ఐదింటిలో ఒకటే వర్తిస్తుంది. ముందురంగుకు ఐదు గడులు, వెనుకరంగుకు ఐదు గడులు నింపితే థీమ్ సిద్ధం. విండోస్ ఎక్స్‌పీతో 2001లో వచ్చిన దృశ్యశైలుల వ్యవస్థ కూడా ఇదే బాటలో నడిచింది. అందులో బటన్‌కు 1 నుంచి 5 వరకు స్థితిసంఖ్యలు ఉంటాయి. గీయమని కోరే ప్రోగ్రామ్ వాటిలో ఒక సంఖ్యను అందజేస్తుంది.

క్యూటీలోని వర్ణపట్టిక మరొక దారి పట్టింది. అక్కడ రంగులు క్రియాశీలం, అక్రియాశీలం, నిష్క్రియం అనే మూడు సమూహాలుగా ఉంటాయి. ప్రతి సమూహంలోనూ కిటికీ నేపథ్యం, దానిపై పాఠ్యం, బటన్, బటన్ పాఠ్యం, ఎంపిక వంటి పాత్రలు ఉంటాయి. మొదటి రెండు సమూహాల భేదం విడ్జెట్‌ది కాదు, అది ఉన్న కిటికీ ముందున్నదా వెనుకనున్నదా అన్నదానిది. సూచిక పైకి వచ్చినప్పటి స్థితికి ఈ పట్టికలో సమూహమే లేదు. దానిని గీసే బాధ్యత శైలిని అమలుచేసే భాగానిది. క్యూటీ మీద నిర్మించిన కేడీఈ తన వర్ణ ప్రణాళికలో సూచికకు, ఫోకస్‌కు ప్రత్యేక అలంకరణ వర్ణాలను చేర్చింది. నిష్క్రియ వర్ణాలను విడిగా జాబితా వేయక, మూలవర్ణాన్ని వెలవెలబార్చే సూత్రాల ద్వారా రాబట్టుకొనే ఏర్పాటు చేసింది.

టీటీకేలో మాత్రం స్థితి అనేది ఒక సమితి. యాక్టివ్, డిసేబుల్డ్, ఫోకస్, ప్రెస్డ్, సెలెక్టెడ్, బ్యాక్‌గ్రౌండ్, రీడ్‌ఓన్లీ, ఆల్టర్నేట్, ఇన్‌వాలిడ్ అనే తొమ్మిది జెండాలను పైథాన్ పత్రాలు పేర్కొంటాయి. ఒక్కొక్కటి ఎగిరి ఉండవచ్చు, దిగి ఉండవచ్చు. లెక్క ప్రకారం 512 సంయోగాలు సాధ్యం. వీటిలో అధికభాగం వ్యవహారంలో ఎదురుకావు. అయినా ప్రతి సంయోగానికీ ఒక గడి అనే పట్టిక ఆలోచన ఇక్కడితో చెల్లదు. జీటీకే సైతం 2011లో వెలువడిన మూడవ తరంలో ఏక స్థితిని వదలి, జెండాల పద్ధతికి మారింది.

3. నియమక్రమం

ఇన్ని సంయోగాలను కొద్ది రంగులతో సంభాళించడానికి టీటీకే అనుసరించే పద్ధతి సరళమైనది. ప్రతి లక్షణానికి, అంటే ముందురంగుకో వెనుకరంగుకో, నియమాల వరుస ఒకటి ఉంటుంది. నియమంలో ఎడమవైపు స్థితుల షరతు, కుడివైపు విలువ. స్థితి పేరుకు ముందు ఆశ్చర్యార్థకం ఉంటే ఆ జెండా దిగి ఉండాలని అర్థం. వరుసను పైనుంచి చదువుతూ, తృప్తిపడిన మొదటి షరతు వద్ద ఆగి ఆ విలువను గ్రహిస్తారు. ఒక్కటీ సరిపోకపోతే శైలిలో విడిగా నిర్దేశించిన మూలవిలువ వర్తిస్తుంది.

దీని పర్యవసానాన్ని కళాశాలలో మార్కుల నమోదుకు ఉద్దేశించిన ఒక అనువర్తనంతో ఊహించవచ్చు. మార్కుల పేటికకు ఫోకస్ స్థితిలో లేత పసుపు, ఇన్‌వాలిడ్ స్థితిలో లేత ఎరుపు, రీడ్‌ఓన్లీలో బూడిద అని రచయిత నిర్ణయించాడనుకొందాం. నియమాలను ఆ వరుసలోనే వ్రాశాడు. గరిష్ఠంగా 100 ఉండవలసిన చోట అధ్యాపకుడు 105 అని టైపు చేసి తరువాతి పేటికకు వెళ్లాడు. తనిఖీ జరిగి మొదటి పేటికకు ఇన్‌వాలిడ్ జెండా ఎగిరింది, ఎరుపు కనిపించింది. సరిదిద్దడానికి అతడు తిరిగి ఆ పేటికలోకి రాగానే ఫోకస్ జెండా కూడా ఎగురుతుంది. వరుసలో ఫోకస్ ముందుంది గనుక పేటిక పసుపుగా మారుతుంది. తప్పును దిద్దవలసిన క్షణంలోనే తప్పు గుర్తు మాయమవుతుంది. మూడు రంగులూ సరైనవే. లోపమంతా వరుసలో ఉంది. డిసేబుల్డ్, ఇన్‌వాలిడ్, రీడ్‌ఓన్లీ, ఫోకస్ అనే క్రమంలో వ్రాస్తే సమస్య తీరుతుంది. (టీటీకేలో పేటిక లోపలి రంగుకు సంబంధించిన లక్షణం ఫీల్డ్‌బ్యాక్‌గ్రౌండ్. బ్యాక్‌గ్రౌండ్ లక్షణాన్ని మార్చి, ఫలితం కనిపించలేదని వెదుక్కోవడం తొలిసారి వాడేవారికి తరచూ ఎదురయ్యే అనుభవం.)

బటన్ విషయంలో ప్రెస్డ్, యాక్టివ్ జెండాల మధ్య ఇటువంటి సంబంధమే ఉంది. మౌస్‌తో నొక్కిన బటన్ మీద సూచిక ఎలాగూ ఉంటుంది కనుక రెండు జెండాలూ కలిసే ఎగురుతాయి. యాక్టివ్ నియమాన్ని ముందు ఉంచితే ప్రెస్డ్ రంగు మౌస్ వాడేవారికి ఎన్నటికీ కనిపించదు. స్పేస్ మీటతో నొక్కినప్పుడు మాత్రం సూచిక వేరొక చోట ఉండవచ్చు. అప్పుడు ప్రెస్డ్ జెండా ఒంటరిగా ఎగిరి ఆ రంగు కనిపిస్తుంది. ఒకే బటన్ ఇద్దరు వాడుకరులకు రెండు విధాలుగా ప్రవర్తించినట్లవుతుంది. ఇటువంటి దోషం పరీక్షలలో దొరకడం కష్టం.

బహు స్థితులను ఏక స్థితి వ్యవస్థకు అప్పగించవలసినప్పుడూ ఇదే సూత్రం పనిచేస్తుంది. విండోస్ థీమ్‌లో బటన్‌ను గీయించడానికి టీటీకే లోపల సీ భాషలో ఒక చిన్న పట్టిక ఉంది. అందులో నిష్క్రియం మొదటిది. ఆపై నొక్కబడినది, సూచిక పైనున్నది, సహజ ఎంపిక, చివరకు సాధారణం. మొదట సరిపోయిన దాని సంఖ్య నిర్వాహక వ్యవస్థకు వెళుతుంది. గీత పని వ్యవస్థకే వదలివేయడం వల్ల విండోస్, మ్యాక్ సహజ థీమ్‌లలో బటన్ వెనుకరంగుకు ప్రోగ్రామర్ ఇచ్చిన విలువ ఫలించదు. దానిని దోషమని అనలేము. వాడుకరి యంత్రంలోని తక్కిన అనువర్తనాలతో రూపసామ్యం కోసం చెల్లించిన మూల్యమది.

4. ట్రీవ్యూ ఉదంతం

నియమాల వరుస ఒక్కటే అయితే చిక్కు తక్కువ. రంగులకు రెండవ మూలం తోడైనప్పుడు ఏది ఏదానిని మించుతుందన్న ప్రశ్న వస్తుంది. టీకే 8.6.9 సంచికలో ఇదే జరిగింది. ట్రీవ్యూ అనేది వరుసలుగా, శాఖలుగా సమాచారాన్ని చూపే విడ్జెట్. దానిలోని ఒక్కొక్క వరుసకు ట్యాగు తగిలించి, ఆ ట్యాగుకు వేరే రంగు ఇవ్వవచ్చు. గడువు దాటిన పుస్తకాలను ఎర్రగా, తిరిగివచ్చిన వాటిని తెల్లగా చూపే గ్రంథాలయ జాబితా వంటివి ఈ సౌకర్యం మీదే ఆధారపడతాయి.

ఆ సంచికలో ట్రీవ్యూ నియమావళిలో ఒక షరతు ఉంది: డిసేబుల్డ్ కాదు, సెలెక్టెడ్ కాదు. దానికి ఎదురుగా థీమ్ సాధారణ వర్ణం. చూడడానికి నిర్దోషమైన వాక్యమే. ఏ విశేషమూ లేని వరుసకు మామూలు రంగు అని దాని భావం. అయితే స్థితి నియమాలు ట్యాగు రంగులను మించే విధంగా ప్రాధాన్యం మారడంతో, ఎంపిక కాని ప్రతి వరుసా ఆ షరతుకు లోబడింది. ట్యాగుల రంగులు ఒక్కటీ తెర మీదకు రాలేదు. ప్రోగ్రాములలో ఒక్క అక్షరం మారలేదు. పైథాన్‌ను నవీకరించినప్పుడు దానితో వచ్చిన టీకే మాత్రమే మారింది.

ఆ షరతు గల నియమాలను వరుసలోంచి తొలగించి, మిగిలినవాటిని తిరిగి నమోదు చేయడం వాడుకరులలో వ్యాపించిన తాత్కాలిక పరిష్కారం. తరువాతి సంచికలో సవరణ వచ్చింది. థీమ్ రచయితకు ఇందులో గ్రహించదగినది ఉంది. 'ఏదీ కానప్పుడు' అనే అర్థాన్ని నియమంగా వ్రాయకూడదు, మూలవిలువగానే ఉంచాలి. నియమంగా వ్రాసిన క్షణాన అది మూలవిలువకుండే వినయాన్ని కోల్పోయి, తక్కిన ఆధారాలన్నింటినీ త్రోసిరాజనే అధికారం పొందుతుంది.

ఈ ఉదంతం మరొక బలహీనతనూ బయటపెట్టింది. గడువు దాటిందన్న సమాచారాన్ని రంగుతో మాత్రమే చెప్పిన జాబితాలు ఆ సంచికలో పూర్తిగా మూగబోయాయి. పక్కనే ఒక పదమో గుర్తో ఉన్న జాబితాలకు నష్టం తక్కువ. ఎరుపు, ఆకుపచ్చల తేడా గుర్తించలేనివారికి ప్రతి సంచికా 8.6.9 వంటిదే. సమాచారాన్ని తెలిపే ఏకైక సాధనంగా రంగును వాడరాదని వెబ్ అందుబాటు మార్గదర్శకాలు విధించడానికి ఆధారం ఇక్కడే ఉంది.

5. జంటగా నిలిచే వర్ణాలు

విండోస్ వ్యవస్థావర్ణాలలో ఎంపిక నేపథ్యానికి, ఎంపికైన పాఠ్యానికి రెండు వేర్వేరు పేర్లున్నాయి. క్యూటీలోనూ అంతే. ఈ పేర్లు జంటలుగా ఉండడం యాదృచ్ఛికం కాదు. ఒకదానిని స్వయంగా నిర్ణయించి, రెండవదానిని వ్యవస్థకు వదిలితే నల్లని నేపథ్యం ఎంచుకొన్న వాడుకరి తెర మీద నల్లని అక్షరాలు పడతాయి. టీటీకేలో ఈ నియమం మరికాస్త కఠినం. ముందురంగుకు, వెనుకరంగుకు వేర్వేరు వరుసలు ఉంటాయి గనుక, రెండింటిలోనూ షరతులు ఒకే క్రమంలో ఉండాలి. లేకుంటే ఒక స్థితి అక్షరాలు మరొక స్థితి నేపథ్యం మీద నిలుస్తాయి.

6. నిష్క్రియ స్థితి, తెలుగు లిపి

టీటీకే డిఫాల్ట్ థీమ్‌లో నేపథ్యపు ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు మూడూ 217. సాధారణ పాఠ్యం నలుపు. నిష్క్రియ పాఠ్యానికి మూడు విలువలూ 163. మార్గదర్శకాల సూత్రం ప్రకారం లెక్కిస్తే సాధారణ పాఠ్యానికి కాంట్రాస్ట్ నిష్పత్తి సుమారు 14.9, నిష్క్రియ పాఠ్యానికి సుమారు 1.8 మాత్రమే. ఎంపికైన వరుసలో ముదురు నీలం మీది తెలుపుకు 5.8 వస్తుంది. సాధారణ పాఠ్యానికి మార్గదర్శకాలు కోరే కనిష్ఠం 4.5. నిష్క్రియ విడ్జెట్లకు ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. కాబట్టి 1.8 నిబంధనను అతిక్రమించదు. అంతమాత్రాన అది చదవదగినదని చెప్పలేము.

ఆ మినహాయింపు వెనుక, పనిచేయని బటన్‌ను చదవవలసిన అవసరం లేదన్న ఊహ ఉంది. వాస్తవంలో వాడుకరి చదివేది తరచూ దానినే. 'భద్రపరచు' ఎందుకు పనిచేయడం లేదని వెదికేవాడు ముందు అది 'భద్రపరచు' అవునో కాదో తెలుసుకోవాలి. గ్నోమ్, కేడీఈ డెస్క్‌టాప్‌లకు తెలుగు అనువాదాలున్నాయి, స్వేచ్ఛ సంస్థ తెలుగు ఇంటర్‌ఫేస్‌తో లినక్స్ పంపిణీని రూపొందించింది. కనుక ఈ ప్రశ్న తెలుగు చదువరికి దూరమైనది కాదు. ద, ధ, డ, ఢ, ప, ఫ జంటలలో భేదం అడుగున ఉండే చిన్న గీతలోనే ఉంది. వత్తులు అక్షరం కంటె చిన్నవిగా కిందికి దిగుతాయి. లాటిన్ లిపిని దృష్టిలో పెట్టుకొని నిర్ణయించిన అక్షర పరిమాణంలో ఈ గీతలకు దక్కేవి కొద్ది పిక్సెళ్లే. అంచులను నునుపుచేసే ప్రక్రియలో అవి నేపథ్యంలోకి మరింత కరుగుతాయి. అప్పుడు వాటి నిజమైన నిష్పత్తి 1.8కి కూడా చేరదు.

163కు బదులు 122 వాడితే నిష్పత్తి 3 దాటుతుంది. నలుపుకూ దానికీ మధ్య 4.9 వ్యత్యాసం మిగులుతుంది గనుక పనిచేసే బటన్‌కు, పనిచేయని బటన్‌కు తేడా చెరగదు. ముందురంగు వరుసలో డిసేబుల్డ్ నియమపు విలువ ఒక్కటి మారిస్తే చాలు. టీటీకే తానే గీసే డిఫాల్ట్ థీమ్‌లో ఆ మార్పు వెంటనే కనిపిస్తుంది. క్లామ్ థీమ్ వర్ణాలు వేరు గనుక అక్కడి నేపథ్యానికి లెక్క మళ్లీ చేసుకోవాలి.