'ప్రికేరియస్': ఒకరి దయ మీద నిలిచినది

అన్‌స్టేబుల్, వోలటైల్, ప్రికేరియస్ అనే మూడు ఇంగ్లీషు విశేషణాలనూ మనం సాధారణంగా 'అస్థిరమైన' అనే ఒకే మాటతో అనువదిస్తూ ఉంటాం. కాని వాటి మధ్య గమనించవలసిన భేదం ఉంది.

కాలు విరిగిన బల్ల అన్‌స్టేబుల్. లోపం బల్లలోనే ఉంది. క్షణక్షణం మారే షేర్ల ధర వోలటైల్. 'ఎగరడం' అనే అర్థం గల లాటిన్ ధాతువు నుంచి పుట్టిన మాట ఇది. త్వరగా ఆవిరయ్యే పెట్రోలుకూ ఇదే విశేషణం వాడతారు.

ప్రికేరియస్ సంగతి వేరు. దీని మూలమైన లాటిన్ పదానికి 'వేడుకొని పొందినది' అని అర్థం. అడిగినవారికి భూమినో వస్తువునో వాడుకోనిచ్చి, తలచుకొన్నప్పుడు తిరిగి తీసుకొనే ఏర్పాటును రోమన్ న్యాయశాస్త్రం 'ప్రెకారియుం' అన్నది. మన పృచ్ఛ, ప్రశ్న అనే సంస్కృత పదాలదీ ఇదే ఇండో-యూరోపియన్ మూలం. అంటే అవధానంలోని పృచ్ఛకుడు ఈ మాటకు దూరపు చుట్టమన్నమాట!

ఈ విశేషణం 17వ శతాబ్దిలో ఇంగ్లీషులోకి వచ్చింది. 1755 నాటి నిఘంటువులో శామ్యూల్ జాన్సన్, పరుల ఇష్టంపై ఆధారపడిన అనిశ్చితికే ఇది చెల్లుతుందనీ, జనం దీన్ని ప్రతి అనిశ్చితికీ వాడుతున్నారనీ ఆక్షేపించాడు. వాడుక ఆయన మాట వినలేదు. నేడు కొండ అంచున నిలిచిన బండరాయి కూడా ప్రికేరియసే. అది తప్పు కాదు. అయినా పాత అర్థం పోలేదు. ఉద్యోగభద్రత లేని శ్రామికవర్గాన్ని 'ప్రికేరియట్' అంటూ గై స్టాండింగ్ 2011లో గ్రంథం వెలువరించాడు.

తెలుగులో దీనికి దగ్గరైన పలుకుబడి 'గాలిలో దీపం'. దీపంలో లోపం లేదు, భయమల్లా గాలితోనే. రోజూ సాగే భయమైతే 'దినదినగండం'. 'గోడ మీద పిల్లి' మాత్రం పనికిరాదు. పిల్లి ఎటు దూకాలన్నది దాని ఇష్టం. ఇక్కడ ఇష్టం ఎదుటివారిది. నోటిమాట మీద భూమి చేసే కౌలురైతు స్థితి అచ్చమైన ఉదాహరణ.

రాష్ట్రేతర విద్యార్థులకు ఈ భేదం మరీ అవసరం. ఒక అధికారి సౌజన్యంతో నడిచే తెలుగు తరగతి ప్రికేరియస్. పిల్లలు తగ్గి కుంటుపడిన తరగతి అన్‌స్టేబుల్. మొదటిదానికి కావలసింది హక్కు. భాషా అల్పసంఖ్యాకులు విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొనే హక్కును రాజ్యాంగం 30వ అధికరణం ఇచ్చింది. రెండవదానికి కావలసింది పిల్లలు. అర్జీలో ఏ మాట వ్రాస్తామో, అడిగే పరిష్కారం దాన్నిబట్టే ఉంటుంది.