చేను దగ్గర గది వేస్తున్నారా? బయానా ఇచ్చే ముందు ఇవి చూసుకోండి

మిర్చి అమ్మి నాలుగు రాళ్లు మిగిలిన ఏడు, చేను దగ్గర ఓ గది వేసుకుందామని ఏ రైతుకైనా అనిపిస్తుంది. మోటారు స్టార్టరు పెట్టుకోవాలి, ఎరువు బస్తాలు దించుకోవాలి, రాత్రి కరెంటు వస్తే కాసేపు నడుం వాల్చాలి. ఇప్పుడు ఫ్యాక్టరీలో తయారైన రేకు గదులు లారీ మీద వచ్చి దిగుతున్నాయి. ఓడల్లో సరుకు మోసిన పాత కంటెయినర్లకు కిటికీలు పెట్టి అమ్మేవారూ ఉన్నారు. మేస్త్రీ చుట్టూ తిరిగే పని లేదు, ఒక్క పూటలో గది సిద్ధం. అయితే అది అందరికీ పనికొచ్చేది కాదు.

కౌలు రైతుకు మాత్రం ఇది మంచిదే. ఇటుక గది కడితే కౌలు వదిలిన రోజున అది భూమి గలాయనకే పోద్ది. రెడీమేడ్ గదిని ఎత్తుకుపోవచ్చు. కాకపోతే ముందు దారి చూసుకోండి. 20 అడుగుల కంటెయినరు వెడల్పు 8 అడుగులు, ఎత్తు ఎనిమిదిన్నర, ఖాళీగా ఉన్నా బరువు రెండు టన్నుల పైమాటే. దాన్ని మోసే లారీ, దించే క్రేను మీ కాలవ తూము దాటి రాగలవా? క్రేను బాడుగ ఎవరిదో కూడా బిల్లు మీద రాయించుకోండి. తర్వాత గొడవ వచ్చేది అక్కడే.

వట్టి రేకు గది ఎండాకాలంలో పెనంలా కాలుతుంది. గోడ మధ్యలో ఏం నింపారో అడగండి. థర్మోకోల్ అయితే వేడిని ఆపుతుంది గానీ నిప్పంటుకుంటే ఆగదు. అందులో పొయ్యి వెలిగించొద్దు. యూరియా, పొటాష్ చెమ్మగిల్లి రేకును లోపలి నుంచి తినేస్తాయి. బస్తాలను చెక్కల మీద, గోడకు తగలకుండా పేర్చాలి. పురుగుమందు డబ్బాలున్న గదిలో పడుకోవద్దు. అన్నిటికన్నా ముఖ్యం ఎర్త్. ఇనుప గదిలో స్టార్టరు వైరు ఒక్కచోట ఒరుసుకున్నా గది మొత్తం షాక్ కొడుతుంది. ఎర్త్ చేయించనిదే కరెంటు లోపలికి తేవద్దు.

సొంత పొలమైతే నా ఓటు ఇటుక గదికే. నల్లరేగడిలో మాత్రం పునాది దగ్గర పిసినారితనం పనికిరాదు. ఆ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. పైపై పునాది మీద లేపిన గోడ బీటలు వారుతుంది.

ఇక సామాను. బట్టీ దగ్గర వెయ్యికి ఎంత అని అడిగి ఊరుకోకండి, టేపు పెట్టి కొలవండి. 9 అంగుళాల పొడవు, నాలుగున్నర వెడల్పు, 3 మందం ఉన్న ఇటుక పక్కన ఎనిమిదిన్నర, 4, రెండుముప్పావు ఇటుక పెడితే కంటికి పెద్ద తేడా తెలీదు. లెక్క కడితే ఆ చిన్నవి వెయ్యి కొన్నా పెద్దవాటిలో 770కే సమానం. పైగా సిమెంటు ఎక్కువ తాగుతుంది. రెండు ఇటుకలు ఒకదానికొకటి కొడితే ఖంగుమనాలి. మూడడుగుల ఎత్తు నుంచి నేల మీదికి వదిలితే విరగకూడదు.

ఇసుకను గాజు సీసాలో సగం పోసి, ఉప్పు నీళ్లు కలిపి గిలకొట్టి మూడు గంటలు కదపకుండా ఉంచండి. ఆరంగుళాల ఇసుక మీద అరంగుళం మించి ఒండ్రు పేరితే ఆ లోడు వెనక్కి పంపండి. సముద్రపు ఇసుక చవకని తెస్తే దాని ఉప్పు స్లాబులో ఊచను తుప్పు పట్టిస్తుంది. ఊచ కొనేటప్పుడు తూకం వేయించండి. 12 మీటర్ల 8 ఎం.ఎం. ఊచలు పది కలిపి 47 కిలోల చుట్టుపక్కల ఉండాలి. బాగా తగ్గితే సన్న సరుకు అంటగడుతున్నట్టే.

ఇటుక, ఇసుక ముందే తోలించుకోవచ్చు. సిమెంటు మాత్రం పని మొదలయ్యే వారమే కొనండి. బస్తా మీద తయారైన వారం, సంవత్సరం అచ్చు వేసి ఉంటాయి. మూడు నెలలు నిల్వ ఉన్నది దాదాపు అయిదో వంతు బలం పోగొట్టుకుంటుంది. గడ్డ కట్టిన బస్తాను దుకాణం దగ్గరే తిప్పికొట్టండి, ఇంటికి తెచ్చాక ఎవరూ మార్చి ఇవ్వరు.